ఆరు సెకన్ల గొంతు

"ఆ దొరసాని ఈ ఇంట్లో కాలు పెట్టకూడదు. అంతే," అన్నాడు మునియసామి.

తెల్లవారినప్పటి నుంచి ఈ మాట అనడం ఇది నాలుగోసారి. అన్న ప్రతిసారీ గొంతు తగ్గుతోంది తప్ప పెరగడం లేదు. కార్తీశ్వరిని బెదరగొట్టింది అదే. నాయిన అరవడం ఆమెకు అలవాటే. ఇలా గోడతో చెప్పుకుంటున్నట్టు మెల్లగా అనడం ఈ ఇరవయ్యేళ్లలో ఆమె చూడలేదు.

"ఆమె ఈడికి రాలేదు నాయినా. విరుదునగర్లో అంతోణి మామ అంగట్లో ఉండాది. నన్నే రమ్మన్నారు."

"నువ్వు పోయి ఏం చేస్తావు?"

"ఆమె ఇంగ్లీషు మామకు తెలీదు. మామ మాట ఆమెకు తెలీదు. నడమ నిలబడి చెప్పాల. అంతే కదా."

"అంతే కదా," అని మునియసామి ఆ మాటను తిరిగి అని, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

గడప దగ్గర అమ్మ ముత్తుమారి అగ్గిపెట్టెల డొల్లలు అంటిస్తోంది. వేలితో బంక తీయడం, కాగితం మీద రాయడం, మడవడం, పక్కన పెట్టడం. ఆదివారం నుంచి ఆమె నోట ఒక్క మాట లేదు. ఆదివారం తమ్ముడు అంతోణి వచ్చి, టేప్ రికార్డర్‌లో ఆ దొరసాని తెచ్చిన క్యాసెట్టు పెట్టి, "అక్కా, ఇది నీ గొంతే. ఇంగ్లాండులో పాటల వాళ్లు తమ రికార్డులో పెట్టుకున్నారు. నాలుగేళ్లుగా దేశదేశాలూ వింటా ఉండాయి," అన్నాడు. ముత్తుమారి పాట పూర్తయ్యేదాకా విన్నది. ఆ తర్వాత నోరు మూసుకుంది.

ఆ పాటలో ముందు డ్రమ్ము మెల్లగా, నిద్రపట్టని మనిషి గుండెలా కొట్టుకుంటుంది. పాత గ్రామఫోను రికార్డు గరగరమంటుంది. ఆ గరగర వెనక నుంచి అమ్మ గొంతు లేస్తుంది. "తలుపు తియ్యి నాయినా." అంతే. అదే ముక్క, అదే ఏడుపు, మళ్లీ మళ్లీ. దాని మీద ఎవరో తెల్లావిడ ఇంగ్లీషులో పాడుతుంది.

అది అక్క పాండీశ్వరి పోయిన పదహారో నాడు అమ్మ పాడిన ఒప్పారి, చావుపాట, అని కార్తీశ్వరికి వెంటనే తెలిసిపోయింది. అమ్మ అలా పాడింది ఆ ఒక్కరోజే. తొమ్మిదేళ్ల కిందట, ఊళ్లో అందరూ ఆపీసు అని పిలిచే అగ్గిపెట్టెల కార్ఖానాలో, వెనక కొట్టంలో మంటలు లేచి ముగ్గురు పిల్లలు పోయారు. అందులో పదమూడేళ్ల పాండీశ్వరి ఒకతి. మధ్యాహ్నం ఆటల్లో పడి పిల్లలే లోపల గడియ వేసుకున్నారని అందరూ చెప్పారు. అమ్మా నాయినా కూడా అలాగే పోలీసు కాగితం మీద వేలిముద్ర వేశారు. మంటలు లేచిన నాడు పదకొండేళ్ల కార్తీశ్వరి ఎట్టయాపురంలో అత్త ఇంట్లో ఉంది, పదహారో నాటికి తిరిగొచ్చింది.

లోపల గడియ వేసుకున్న పిల్ల, తలుపు తియ్యమని బయటివాళ్లను ఎందుకు పిలుస్తుంది?

ఆదివారం నుంచి ఈ ప్రశ్న ఆమెను వదలడం లేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

వీధిలో టీవీఎస్ బండి ఆగింది. ఆపీసు ఫోర్‌మన్ సుడలైమణి దిగకుండానే ఒక కాలు నేల మీద ఆన్చి, లోపలికి తొంగి చూశాడు. వీళ్ల జనమే, వీళ్లలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. నాయినను అన్నా అని పిలిచే మనిషి.

"అన్నా, ముదలాళి అడిగి రమ్మన్నారు. మదురై పేపర్లో ఏమో వచ్చుండాదంట, మన కోవిల్పట్టి గొంతు అని. యెవురి గొంతు అది?"

మునియసామి ఒళ్లోని తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఒప్పారి చిన్నాయనా," అంది కార్తీశ్వరి. "చావు ఇంట్లో అందరూ పాడేదే."

"అట్లయితే మంచిదే పాపా. ఏడుపులో పేర్లు లేకుంటే మంచిదే." అతను నవ్వాడు. "ఈ పొద్దు టైపింగ్ పనికి నువ్వు రావొద్దన్నారు. ఇంట్లోనే ఉండమన్నారు. ఇంట్లోనే."

బండి కదిలి వెళ్లింది. కానీ వీధి చివర చింతపండు మండీ దగ్గర మళ్లీ ఆగిన చప్పుడు ముగ్గురికీ వినపడింది.

ఈ ఇల్లు ముదలాళిది, ఆపీసు యజమానిది. నాయిన చేస్తున్న కాపలా పని ముదలాళిది. అక్క పోయిన ఏడాదే కార్తీశ్వరిని కాన్వెంటులో చేర్పించింది, టైపింగ్ నేర్పించింది, ఆపీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టింది కూడా ఆయనే. ఆయన దయ గురించి ఆమె ఎన్నో మాటలు విని ఉంది. ఆ దయ ఎందుకు కలిగిందో ఎన్నడూ ఆలోచించలేదు.

"నేను పోతా ఉండాను," అంది.

మునియసామి లేచి దారికి అడ్డం నిలబడ్డాడు. తండ్రీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"పోనీ ఆ బిడ్డను," అంది ముత్తుమారి.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. రెండు రోజుల తర్వాత వచ్చిన ఆ గొంతు బొంగురుపోయి ఉంది. ఆమె తల ఎత్తలేదు, చేతిలో డొల్ల మడుస్తూనే ఉంది.

"పోయి రా. ఆమె ఏం అడిగినా చెప్పు. పాత టేపు ఒకటి తెచ్చుంటాది. అది మాత్రం నువ్వు వినొద్దు."

*

విరుదునగర్ స్టేషన్ వెనక సందులో అంతోణి మైక్‌సెట్ అంగడి. గోడ పొడవునా పెద్ద హారన్లు, చుట్టలు చుట్టిన వైర్లు, పెళ్లిళ్లకు కట్టే సీరియల్ బల్బులు. మూలన వేళాంగణ్ణి మాత పటం. ఆ పటం కింద ఇనప కుర్చీలో ఆ పాట పాడిన దొరసాని ఐరిస్ కూర్చుని ఉంది.

పేపర్లో వేసిన ఫొటోలో ఆమె పొడుగ్గా, కళ్లకు నల్లరంగు పూసుకుని ఉంది. ఇక్కడున్న మనిషికి ముప్పై ఐదేళ్లుంటాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. గోళ్లు కొరికి కొరికి చివర్లు ఎర్రబడ్డాయి. ఆమె కూడా భయపడుతోందని చూడగానే కార్తీశ్వరికి అర్థమైంది. దాంతో తన భయం తగ్గాలి. తగ్గలేదు.

"మీ అమ్మగారు రాలేదా?" అని అడిగింది ఐరిస్ ఇంగ్లీషులో.

"లేదు. ఏం కావాలో నాతో చెప్పండి."

ఐరిస్ వెంటనే చెప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, తన కథ మొదటి నుంచీ మొదలుపెట్టింది. కార్తీశ్వరి వింటూ, ముక్క ముక్కా మామకు చెబుతూ వచ్చింది.

బ్రిస్టల్ అనే ఊళ్లో, నది ఒడ్డున పాత పొగాకు గోదాము ఉంది. దాని కింద నేలమాళిగలో ఎనిమిదేళ్ల కిందట ముగ్గురు చేరారు. కాలిన్ రేడియోలు బాగుచేసేవాడు. ఐరిస్ రొట్టెల దుకాణంలో పనిచేసేది. మూడోవాడు డ్రమ్ములు వాయించేవాడు. తమ బృందానికి సాల్ట్ లాంతర్ అని పేరు పెట్టుకున్నారు. అందరూ గంతులేసే పాటలు చేస్తుంటే వీళ్లు పాట నడక తగ్గించారు. పాత రికార్డుల్లోంచి ఒక తీగ చప్పుడు, ఒక దగ్గు, ఒక నిట్టూర్పు కత్తిరించి, మెషీన్లో తిప్పి తిప్పి, వాటి మీద పాడేవాళ్లు. మొదటి రికార్డుకు అట్టలు చేత్తో అంటించుకున్నారు. ఎవరూ కొనలేదు.

"రెండో రికార్డు చేసేటప్పుడు కాలిన్ ఒక క్యాసెట్టు తెచ్చాడు. ఇండియా తిరిగినప్పుడు పట్టుకున్నదట. జోలపాట అన్నాడు. అందులోంచి ఆరు సెకన్లు కత్తిరించాం. పాటకు జోలపాట అనే పేరు పెట్టాం."

కార్తీశ్వరి మామ వైపు తిరిగి, ఆ మాట చెప్పింది. అంతోణి ప్లగ్గు ఒకటి తీసుకుని దాని మరలు విప్పడం మొదలుపెట్టాడు.

"నేనే చెప్పినాను అట్ల," అన్నాడు చివరికి. "ఆ దొరబిడ్డ లాడ్జీలో ఉండి నా అంగడికి వస్తా ఉండె. చప్పుళ్లు పట్టే పిచ్చి. అక్క ఇంటి పదహారో నాటికి మైకు కట్టేదానికి పోతే నా వెంట వచ్చినాడు. ఏం పాట ఇది అని సైగ చేస్తే, బిడ్డను నిద్రపుచ్చేదని చేతులు ఊపి చూపించినాను."

"యేమిటికి మామా?"

"బయం."

ఐరిస్ ఇద్దరి మొహాలూ చూసి, ఆగి, మళ్లీ చెప్పసాగింది.

ఆ ఒక్క పాటతో వాళ్ల బతుకు మారింది. లక్షల్లో అమ్ముడైంది. జపానులో, జర్మనీలో వేల మంది ముందు పాడారు. ఒక కారు ప్రకటనకు కూడా వాడారు. ప్రతి కచేరీ ఒకే రకంగా మొదలయ్యేది. దీపాలన్నీ ఆర్పేస్తారు. చీకట్లో ముందుగా ముత్తుమారి గొంతు వస్తుంది. జనం ఈలలు వేస్తారు. అప్పుడు ఐరిస్ మైకు ముందుకు రావాలి.

"నా వెనక ఎవరో నిలబడి పిలుస్తున్నట్టు ఉండేది. మాటలు తెలియవు. కానీ జోలపాట అలా ఉండదని లోపల తెలుస్తూనే ఉంది. అడగలేదు. అడిగితే పాట ఆపాల్సి వస్తుందేమోనని అడగలేదు." ఆమె బొటనవేలు నోటి దగ్గరకు తీసుకెళ్లి, దించింది. "పోయినేడు బెల్జియంలో పాడుతుంటే ముందు వరసలో ఒకావిడ ఏడుస్తోంది. నర్సు. మీ భాష ఆమెది. తర్వాత వెతుక్కుంటూ వెళ్లి అడిగాను. మాట పాతకాలపుది, యాస వేరు, కానీ అర్థమైందంది. నాన్నా తలుపు తియ్యి అంటోంది, ఇది ఎక్కడిది, ఎవరు ఈ పిల్ల అని నన్నే అడిగింది. మూడేళ్లు నేను దాని మీద ప్రేమపాట పాడాను."

మరుసటి రోజు ఆమె వేదిక ఎక్కలేకపోయింది. వారం తిరక్కుండా కచేరీలన్నీ రద్దయ్యాయి. డ్రమ్ముల మనిషి వేరే బృందంలో చేరాడు. కాలిన్‌తో మాటలు పోయాయి. సాల్ట్ లాంతర్ అక్కడితో ఆగింది.

"ఇప్పుడు కాలిన్ మళ్లీ మొదలుపెడదామంటున్నాడు. ఆ క్యాసెట్టు మొత్తం రికార్డుగా వేద్దామంటున్నాడు, మాటల అర్థంతో సహా. నేను ఒక్కటే చెప్పాను. ఆమెను అడగకుండా వీల్లేదని. ఆమె వద్దంటే నేను ఆపిస్తాను. కానీ ముందు అందులో ఏముందో నాకు తెలియాలి."

సంచీలోంచి చిన్న టేపు మెషీను, హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"వద్దు పాపా," అన్నాడు అంతోణి. "అక్క వద్దన్నదని నువ్వే చెప్పినావు కదా."

కార్తీశ్వరి మెషీను తన వైపు లాక్కుంది. అమ్మ వినొద్దంది అంటే, వినాల్సింది ఏదో ఉంది. హెడ్‌ఫోను చెవులకు పెట్టుకుంది.

మొదట ఆ పదహారో నాటి సందడి. పళ్లేల చప్పుడు, ఆడవాళ్ల ఏడుపు, హారన్లో అమ్మ గొంతు. ఊరంతా విన్న ఒప్పారి. పూలజడ, పుట్టెంట్రుకలు, పెళ్లి చూడని కళ్లు. అందులో దాచాల్సింది ఏమీ లేదు. తర్వాత మనుషులు భోజనాలకు లేచిన అలికిడి. హారన్ ఆపేశారు. కాలిన్ మెషీను మాత్రం తిరుగుతూనే ఉంది.

అప్పుడు అమ్మ ఒక్కతే, గొంతు దించి, ఎవరూ వినడం లేదనుకుని పాడింది.

*నడుమున తాళంచెవి కట్టుకున్నోడా,*
*నీ బిడ్డ నిన్నే పిలిచినాదిరా,*
*తలుపు తియ్యి నాయినా, తలుపు తియ్యి నాయినా.*
*గేటుకాడ జీపు నిలిచుండె,*
*పిల్లోళ్లను చూస్తారని ముదలాళి నీ చెయ్యి పట్టె,*
*జీపు పొయ్యేదాక నీ చెయ్యి పట్టె.*

కార్తీశ్వరి హెడ్‌ఫోను తీయలేదు. టేపు అయిపోయి, వట్టి గరగర మిగిలినా వింటూనే కూర్చుంది. జీపు అంటే తనిఖీకి వచ్చిన ఆఫీసర్ల జీపు. ఈడు చాలని పిల్లలు పనిలో కనపడకూడదని వెనక కొట్టంలో పెట్టి తాళం వేశారు. వేసింది కాపలాదారు. కాపలాదారు నాయిన.

"నువ్వు ఆ దినమే విన్నావు కదా మామా?"

అంతోణి మరలన్నీ విప్పేసిన ప్లగ్గును బల్ల మీద పెట్టాడు. "నా చెవికి హెడ్‌ఫోను ఉండె. విన్నాను. అక్క ఇంకొక బిడ్డను పెంచాల కదా. నిన్ను."

"ఆమె ఏమంటోంది?" అని అడిగింది ఐరిస్. 

కార్తీశ్వరి పెదవులు తడుపుకుంది. "ఏడుస్తోంది. బిడ్డ పోయిన తల్లి ఏడుపు. ఇంకేం లేదు."

"ఎవరి పేరూ లేదా?"

"లేదు."

ఐరిస్ ఆమెనే చూసింది. నమ్మలేదు. కానీ ఇంకోసారి అడగకుండా మెషీను సంచీలో పెట్టుకుంది.

*

మధ్యాహ్నం దాటాక సందులో ఇద్దరు నడిచి వచ్చారు. ముందు ముత్తుమారి. నాలుగడుగుల వెనక మునియసామి. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చారో, వేర్వేరుగా వచ్చారో తెలియదు. ముత్తుమారి అంగట్లోకి వచ్చి, ఐరిస్ ఎదురుగా నేల మీద కూర్చుంది. మునియసామి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

ఐరిస్ కుర్చీ దిగి తనూ నేల మీద కూర్చుంది.

"విన్నావా?" అని కూతుర్ని అడిగింది ముత్తుమారి.

కార్తీశ్వరి తల ఊపింది.

"చెప్పినావా ఆమెకు?"

"లేదమ్మా."

"చెప్పు."

"అమ్మా, నాయిన ఆడ నిలబడుండాడు."

"తెలుసు. నేను ఈ దినం కోసమే తొమ్మిదేండ్లు నోరు కట్టుకున్నాను అనుకోకు. బయపడి కట్టుకున్నాను. ఇల్లు పోతాదని బయం. నీ చదువు పోతాదని బయం. నా పాట నాకు తెలీకుండా ఊరూరూ తిరిగుండాది. నేను మటుకు ఈడ కూర్చోని డొల్లలు అంటిస్తా ఉండాను. చాలు. ప్రతి మాటా చెప్పు. ముదలాళి చెయ్యి పట్టుకున్నాడనేది కూడా చెప్పు."

"బావా, లోపలికి రా," అన్నాడు అంతోణి. మునియసామి కదలలేదు.

కార్తీశ్వరి మొదలుపెట్టింది. ముదలాళి కట్టించిన ఫీజుతో నేర్చుకున్న ఇంగ్లీషు. ఒక్కో వాక్యం నోట్లోంచి బయటికి వస్తుంటే అది తన గొంతేనా అని అనుమానం వచ్చింది. తాళం వేసింది ఎవరో చెప్పింది. పిల్ల ఎవర్ని పిలిచిందో చెప్పింది. ఐరిస్ ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, గుమ్మం వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తోంది.

"జీపు వెళ్లిపోయేదాకా యజమాని మా నాన్న చెయ్యి పట్టి ఆపాడు," అని ముగించింది కార్తీశ్వరి.

"ఇప్పుడేం చెప్పినావు?" అన్నాడు మునియసామి గుమ్మంలోంచి.

ఆమె తెలుగులో చెప్పింది.

మునియసామి లోపలికి వచ్చాడు. కూర్చోలేదు. గోడకు ఆనించిన హారన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"అది నేను మీ అమ్మకు చెప్పిన మాట," అన్నాడు. "ఆమె నమ్మి పాడుండాది."

ముత్తుమారి తల తిప్పింది.

"ముదలాళి గేటుకాడ ఆఫీసర్లతో మాట్లాడతా ఉండె. నేను ఒక్కణ్ణే కొట్టం ముందర ఉండాను. పొగ వాసన వచ్చినాది. బిడ్డ పిలిచినాది. తాళంచెవి చేతిలో ఉండాది. తలుపు తీస్తే పిల్లోళ్లు పరిగెత్తుకోని జీపు ముందరికే పోతారు, నా పని పోతాది అనుకున్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాను." ఊపిరి తీసుకున్నాడు. "నన్ను ఎవురూ పట్టుకోలేదు. ఎవురూ నా చెయ్యి పట్టుకోలేదు ముత్తుమారీ."

స్టేషన్లో గూడ్సు బండి పెట్టెలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు దూరం నుంచి వరసగా వచ్చి ఆగిపోయింది.

"ఆయన ఏమన్నారు?" అని ఐరిస్ గుసగుసగా అడిగింది. "దయచేసి చెప్పండి. ఏమన్నారు?"

కార్తీశ్వరి నోరు తెరిచింది.

ముత్తుమారి చెయ్యి చాచి కూతురి నోరు మూసింది. గట్టిగా, పళ్లు పెదవికి గుచ్చుకునేలా. ఆమె చూపు భర్త మీదే ఉంది. ఆ చూపులో ఉన్నది కోపమో, జాలో, ఇంకేమైనానో కార్తీశ్వరి పోల్చుకోలేకపోయింది.

"ఇది చెప్పొద్దు," అంది ముత్తుమారి.

"చెప్పనీ," అన్నాడు మునియసామి.

"చెప్పొద్దు. ఇది బయటికి పోతే ముదలాళి చేతులు దులుపుకుంటాడు. అంతా నీ ఒక్కడి నెత్తిన పడతాది."

"పడనీ."

గుమ్మంలో వెలుతురు తగ్గింది. అందరూ అటు చూశారు. సుడలైమణి చెప్పులు బయట విప్పి, మర్యాదగా, ఒట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. వాళ్ల మాటే అతని మాట కూడా. ఒక్క ముక్క కూడా ఎవరూ అనువదించి చెప్పాల్సిన పని లేదు.

అతను ఐరిస్‌కు నమస్కారం పెట్టాడు. తర్వాత మునియసామి వైపు తిరిగాడు. ఈసారి అన్నా అని పిలవలేదు.

"ఇప్పుడు చెప్పినావు కదా, దాన్నే ఇంకొకసారి చెప్పాల మునియసామీ," అన్నాడు ఓపిగ్గా. "ఈడ కాదు. ముదలాళి కారు సందు మొదట్లో నిలబడుండాది. ఆయన ముందర చెప్పాల. పా, పోదాం."